తెరమీది రైతు, తెరవెనుక చరిత్ర

సూరతు జిల్లాలో కామ్‌రేజ్ తాలూకాకు పొరుగున బార్డోలీ ఉన్నది. పెంచిన భూమిశిస్తు చెల్లించేది లేదని 1928లో అక్కడి రైతులు వల్లభభాయి పటేలు నాయకత్వాన నిలిచి గెలిచినారు. అది రైతువారీ సీమ. అక్కడ రైతుకు ఎదురుగా ఉన్నది సర్కారు. మన జమీందారీ సీమలలోనో, రైతుకూ సర్కారుకూ నడుమ జమీందారు ఉండేవాడు. ఆ సంఘర్షణ తెలుగు తెరమీదికి వచ్చిన తీరు విచారింపదగినది.

గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ 1939లో విడుదలైనది. అప్పటికి మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడి రెండేండ్లు. రెవెన్యూ మంత్రి ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘం 1938లో నివేదిక ఇచ్చినది. చట్టం మాత్రం రాలేదు. ఆశకూ ఆచరణకూ మధ్య రైతు వేచి ఉన్న ఆ ఘడియలో పుట్టిన చిత్రమిది. బళ్ళారి రాఘవ అంతటి నటుడు అందులో రైతు పాత్ర ధరించినాడు. జమీందారులు ఆగ్రహించినారు, కొన్నిచోట్ల ప్రదర్శన నిషిద్ధమైనది. ఆ నిషేధమే చిత్రం సత్యానికి దగ్గరగా వచ్చినదనుటకు ఒక నిదర్శనం.

అయితే చిత్రాన్ని నిర్మించిన సారథి సంస్థకు అండగా నిలిచినది చల్లపల్లి రాజా. ఆయనా జమీందారే! తెరమీది కథను మాత్రమే చూచి జమీందారులంతా ఒక పక్షమని తీర్పు చెప్పే చరిత్రకారుడు ఇక్కడ పొరపడతాడు. ధనం ఎవరిది, మాట ఎవరిది, అడ్డుపడినది ఎవరు అన్న మూడు ప్రశ్నలకు సమాధానం దొరికినప్పుడే చిత్రం చరిత్రకు ఆధారమవుతుంది.

గౌతం ఘోష్ ‘మా భూమి’ తీరు వేరు. తెలంగాణ సాయుధ పోరాటం 1951లో ఆగినది. ఆ చిత్రం 1979 నాటిది. ‘రైతుబిడ్డ’ తగవు నడుమ నిలిచి పలికిన సాక్షి. ‘మా భూమి’ తగవు ముగిసిన పిమ్మట మేల్కొన్న స్మృతి. సాక్షికి తొందర ఉంటుంది, స్మృతికి ఎంపిక ఉంటుంది. రెండింటినీ ఒకే త్రాసులో తూచరాదు.

టెలివిజన్‌కూ ఈ మాట వర్తిస్తుంది. భీష్మ సాహ్ని నవల ‘తమస్’కు 1975లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది. దేశవిభజన నాటి ఆ కథే 1988లో దూరదర్శన్ ద్వారా ఇంటింటికీ చేరగానే వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళినది. ప్రసారాన్ని ఆపుటకు న్యాయస్థానం నిరాకరించినది. అక్షరాన్ని సహించిన సమాజమే దృశ్యానికి ఉలికిపడినది.

జమీందారీ రద్దు చట్టం 1948లో వచ్చినది. ‘రైతుబిడ్డ’కు భయపడిన వ్యవస్థ పోయినది, ఆ భయానికి గుర్తులైన పాటల పుస్తకాలు, కరపత్రాలు, నిషేధపు ఉత్తర్వులు పోకుండా చూచుకొనుట మన పని. అవి లేనినాడు చిత్రం వినోదంగానే మిగులుతుంది. దానిని చూచి ఎవరు ఎందుకు బెదిరినారో చెప్పే నోరు ఉండదు.