కేకు మీద తెల్లపూత

వంద గ్రాముల మెత్తటి పంచదార పొడిలో ఒక పెద్ద చెంచాడు పాలో నిమ్మరసమో పోసి కలిపితే రెండు నిమిషాల్లో జారుగా పూత తయారవుతుంది. చల్లారిన కేకు మీద పోస్తే అంచుల నుంచి కిందికి జారి, కాసేపటికి పలచటి పొరగా ఆరుతుంది. దీన్ని గ్లేజ్ అంటారు. కాస్త చిక్కగా ఉంటే ఐసింగ్. పొయ్యి వెలిగించక్కర్లేదు, పాకం చూడక్కర్లేదు. బేకింగ్ నేర్చుకునేవాళ్ల చేత మొదటి రోజునే చేయించే పని ఇది. మూడున్నర శతాబ్దాల కిందట ఇంగ్లండులో ఈ పూత వేయాలంటే ఇంటిల్లిపాదికీ చేతులు పడిపోయేవి. పంచదారను తెల్లగా, పిండిలా మెత్తగా చేసుకోవడంలోనే సగం కష్టం ఉండేది. ఈ పూత చరిత్రలో ఎక్కువ భాగం ఆ కష్టం ఇంట్లోంచి మిల్లుకు తరలిపోయిన కథే.

తెలుగు వంటిళ్లు ఎరిగిన పాకానికీ దీనికీ తేడా ఉంది. పాకంలో పంచదార పూర్తిగా కరిగిపోతుంది. ఆ తర్వాత నీరు ఇగిరినకొద్దీ లేతపాకం, తీగపాకం, ముదురుపాకం అవుతుంది. గ్లేజ్‌లో చాలావరకు కరగనే కరగదు. మామూలు వేడిలో నీరు తన బరువుకు రెండింతల పంచదారను మాత్రమే కరిగించుకోగలదు. 15 గ్రాముల నీటిలో 30 గ్రాములు కరిగితే, మిగిలిన 70 గ్రాములూ కంటికి ఆనని పలుకులుగా ఆ ద్రవంలో తేలుతుంటాయి. పూతకు తెల్లదనం వాటి వల్లే వస్తుంది. తడి ఆరేకొద్దీ కరిగిన పంచదార కూడా వాటి మీదే పేరుకుని పొర గట్టిపడుతుంది. గవ్వలను ముదురుపాకంలో వేసి కలియబెడుతూ చల్లార్చినప్పుడు పైన తెల్లగా పొడిబారేదీ ఇలా పలుకు కట్టిన పంచదారే. కాకపోతే పాకానికి ఎంత ముతక పంచదారైనా పరవాలేదు, ఎలాగూ కరిగిపోతుంది. గ్లేజ్‌కు అలా కుదరదు. పొడిలో కాస్త బరక ఉన్నా నాలుకకు ఇసుక తగిలినట్టే.

పంచదార అందుబాటులోకి రాకముందు యూరప్‌లో రొట్టెలకూ అప్పాలకూ తీపి పూత అంటే తేనే. రోమన్ రాజనీతిజ్ఞుడు కేటో క్రీ.పూ. 160 ప్రాంతంలో వ్యవసాయం మీద రాసిన పుస్తకంలో జున్ను, పిండి కలిపి ఉండలు చేసి, కొవ్వులో వేయించి, తేనె పూసి పైన గసగసాలు చల్లే వంటకం ఒకటి ఉంది. తేనె మెరుపునిస్తుంది కానీ ఆరి గట్టిపడదు, తెల్లగానూ ఉండదు. పొరలా ఆరే పూతకు పలుకు కట్టే తీపి కావాలి. చెరకు రసాన్ని కాచి పలుకుగా మార్చే విద్య భారతదేశంలో పుట్టింది. సంస్కృతంలో శర్కర అంటే మొదట గులకరాయి, ఇసుక పలుకు అనే అర్థం. ఆ మాటే పారశీకంలో షకర్, అరబ్బీలో సుక్కర్, ఇంగ్లీషులో షుగర్ అయింది. తెలుగు చక్కెరదీ అదే మూలం.

సరుకు చేరడానికి మాటకన్నా ఎక్కువ కాలం పట్టింది. 1226లో ఇంగ్లండు రాజు మూడవ హెన్రీ వించెస్టర్ సంతకు వచ్చే వర్తకుల దగ్గర మూడు పౌన్ల అలెగ్జాండ్రియా చక్కెర సంపాదించమని ఆ ఊరి మేయరును కోరాడు, అదీ ఒక్కసారే అంత దొరికితేనే. మూడు పౌన్లంటే కిలోన్నరకు తక్కువే. అప్పట్లో చక్కెర మందులు, సుగంధద్రవ్యాల సరసన అమ్ముడయ్యేది. దాన్ని కేకు మీద పోయడం ఎవరికీ తట్టి ఉండదు. పదిహేడో శతాబ్దంలో బ్రెజిల్, బార్బడోస్ తోటల నుంచి ఓడల కొద్దీ చక్కెర వచ్చి పడ్డాకే ఇంగ్లండులోని కలిగిన ఇళ్లలో పూతల ముచ్చట మొదలైంది. ఆ తోటల్లో చెరకు నరికినవాళ్లు ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన బానిసలు.

ఆ చక్కెర ఇంటికి పొడిగా వచ్చేది కాదు, దిమ్మగా వచ్చేది. శుద్ధి చేసేచోట కాచిన రసాన్ని కోసుగా ఉండే మట్టి అచ్చుల్లో, మొన కిందికి ఉండేలా నింపేవారు. మొనకు చిన్న రంధ్రం ఉంటుంది. చల్లారి పలుకు కట్టాక రంధ్రం తెరిస్తే గోధుమరంగు మడ్డి బొట్లుబొట్లుగా కారిపోతుంది. అచ్చు పైభాగాన తడి బంకమన్ను ముద్దగా పరిస్తే, అందులోని నీరు మెల్లగా కిందికి ఇంకుతూ పలుకులకు అంటిన మిగతా మడ్డిని కడుక్కుంటూ పోతుంది. మన్ను ఎండిపోతే తీసి కొత్తది పరచాలి. ఇలా వారాల తరబడి చేస్తే దిమ్మ అడుగుభాగం తెల్లగా తేలేది, మొన దగ్గర మాత్రం ఎంతోకొంత పసుపుదనం మిగిలేది. అంతా అయ్యాక దాన్ని నీలం కాగితంలో చుట్టేవారు, ఆ రంగు పక్కన చక్కెర మరింత తెల్లగా కనిపిస్తుందని. బట్టలకు నీలిమందు పెట్టే ఇళ్లకు ఈ కిటుకు కొత్తేమీ కాదు.

రాయిలాంటి ఆ దిమ్మను ఇనప పట్టకారుతో ముక్కలుగా తుంచి, రోట్లో దంచి, పలచటి బట్టలో వస్త్రగాలితం పట్టాలి. ఆ తర్వాతే వంట పుస్తకం తెరవాలి. సర్ కెనెల్మ్ డిగ్బీ చనిపోయిన నాలుగేళ్లకు, 1669లో, ఆయన వంటకాల సంకలనం అచ్చయింది. అందులోని ఒక కేకుకు పూత ఇలా ఉంటుంది: రెండుసార్లు శుద్ధి చేసి దంచి జల్లించిన చక్కెర పౌనున్నర, మూడు గుడ్ల తెల్లసొన, కొంచెం నారింజపూల నీరు, చిటికెడు కస్తూరి, తిమింగలం నుంచి వచ్చే అంబరు. రాతి రోట్లో, కర్ర రోకలితో కేకు కాలేంతసేపూ నూరుతూనే ఉండాలి. కాలిన కేకును పొయ్యి నోటి దాకా లాగి, పైన నచ్చిన తీరుగా పూతను జారవిడిచి, గట్టిపడటానికి మళ్లీ కాసేపు లోపలికి తోయాలి. ఆనాటి పూత ఇలా వేడిలోనే ఆరేది. కస్తూరి, అంబరు చూస్తే ఇది వంట కన్నా అత్తరుకు దగ్గరగా ఉందనిపిస్తుంది. చక్కెర ఇంకా విలాసం కాబట్టి దాని పక్కన చేరినవీ విలాసాలే.

1747లో హన్నా గ్లాస్ అచ్చు వేయించిన వంట పుస్తకంలో సుగంధాలు తగ్గి శ్రమ పెరిగింది. పెద్ద కేకుకు 24 గుడ్ల తెల్లసొన, ఒక పౌను చక్కెర. లోతైన మట్టిపాత్రలో రెండు మూడు గంటలు గిలకొట్టాలని ఆమె రాసింది. చిక్కగా తెల్లగా అయ్యాక పలచటి చెక్కతోనో, ఈకల కట్టతోనో కేకు పైనా పక్కలా పులమాలి. మంట ముందు పెడితే రంగు మారకుండా తిప్పుతూ ఉండాలి. వేడి తగ్గిన పొయ్యిలో పెడితే మేలు, గంటలో గట్టిపడుతుంది. డిగ్బీ లెక్కకూ దీనికీ ఎంత తేడానో గమనించాలి. ఆయన పూతలో చక్కెర బరువు, ఈమె పూతలో గుడ్డు నురగ. గ్లాస్ ఉద్దేశం ఏమైనా, ఒక పౌను చక్కెరతో అంత పెద్ద కేకును కప్పాలంటే నురగ సాయం తీసుకోక తప్పదు. 1769లో మాంచెస్టర్‌లోని ఎలిజబెత్ రఫాల్డ్ పెళ్లి కేకు మీద మొదట బాదం ముద్ద, దాని మీద చక్కెర పూత వేయమని రాసింది. ఇంగ్లీషువాళ్ల సంప్రదాయ పెళ్లి కేకు ఈనాటికీ ఆ రెండు పొరలతోనే ఉంటుంది.

ఈ తెల్లదనం వెనక ఉన్న బానిసత్వం మీద పద్దెనిమిదో శతాబ్దం చివర్లో నిలదీత మొదలైంది. 1791లో బానిస వ్యాపారాన్ని ఆపే బిల్లును బ్రిటిష్ పార్లమెంటు తోసిపుచ్చింది. వెస్టిండీస్ చక్కెర ముట్టవద్దని విలియం ఫాక్స్ రాసిన కరపత్రం ఆ ఏడే ఊళ్లకు ఊళ్లు తిరిగింది. అదే ఏడు ఫ్రెంచివారి సాన్ డొమాంగ్‌లో బానిసలు తిరగబడటంతో ధరలు ఎగిశాయి. బదులు చక్కెర ఎక్కడ దొరుకుతుందా అని వెదికేవారి చూపు ఈస్టిండియా కంపెనీ నేలల వైపు మళ్లింది. ఈ కథలోకి గోదావరి సీమ వచ్చేది ఇక్కడే. సామర్లకోటలో కంపెనీ వైద్యుడిగా ఉన్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ రాజమండ్రి ప్రాంతంలో చెరకు సాగు గురించి, బెల్లం, చక్కెర వండే తీరు గురించి వివరంగా రాశాడు. పెద్దాపురం, పిఠాపురం జమీందారీల్లో ఏలేరు వెంబడి ఉన్న తోటలవి. ఎండుతున్న ఆకులను గడలకే చుట్టి, దుబ్బు మధ్య పాతిన వెదురుకు కట్టి నిలబెట్టడం ఆయన కంట పడింది. రైతులు జడచుట్టు అనేది దీన్నే. బానిసలు చేయని చక్కెర అని రాసి ఉన్న గిన్నెలు తర్వాతి కాలంలో ఇంగ్లండు బల్లల మీదికి వచ్చాయి. అయినా కంపెనీ చక్కెర మీద 1830ల దాకా ఎక్కువ సుంకం ఉండటంతో అది వెస్టిండీస్ సరుకును తోసిరాజనలేకపోయింది.

అసలు మార్పు మిల్లుల నుంచి వచ్చింది. 1813లో ఎడ్వర్డ్ హోవార్డ్ గాలి తీసేసిన పాత్రలో రసం కాచే పద్ధతికి పేటెంటు పొందాడు. గాలి ఒత్తిడి తగ్గితే రసం తక్కువ వేడికే మరుగుతుంది కాబట్టి మాడి రంగెక్కదు. శతాబ్దం మధ్యకు గిర్రున తిరిగే జల్లెడ పీపాలు వచ్చి, బంకమన్నుకు వారాలు పట్టిన మడ్డి వడపోతను నిమిషాల్లోకి తెచ్చాయి. జర్మనీలో మార్గ్రాఫ్ బీట్‌దుంపలోనూ చెరకులోని చక్కెరే ఉందని చూపింది సరిగ్గా గ్లాస్ పుస్తకం వచ్చిన 1747లోనే. ఆ దుంప చక్కెర పందొమ్మిదో శతాబ్దంలో చెరకుకు పోటీ అయింది. దిమ్మతో విసిగినవారు మిల్లుల్లోనూ ఉన్నారు. మొరావియాలోని డాచిట్సే చక్కెర ఫ్యాక్టరీ అధిపతి యాకుబ్ క్రిష్టోఫ్ రాడ్ 1843లో చక్కెర బిళ్లల తయారీకి పేటెంటు తీసుకున్నాడు. దిమ్మ కొడుతూ భార్య వేలు కోసుకోవడమే అందుకు కారణమని ఆ ఊళ్లో చెప్పుకుంటారు.

1840లో విక్టోరియా రాణి పెళ్లి కేకు సుమారు 300 పౌన్ల బరువు తూగింది. తెల్లసొనతో గట్టిగా ఆరే పూతకు రాయల్ ఐసింగ్ అనే పేరు ఆ పెళ్లితోనే వచ్చిందనే మాట ప్రచారంలో ఉంది కానీ, ఆ పేరు అంతకన్నా పాతది. సామాన్యుల ఇళ్లకు ఆ రాచకేకు కన్నా 1874 ముఖ్యం. ఆ ఏడు బ్రిటన్‌లో చక్కెర మీద దిగుమతి సుంకం పూర్తిగా ఎత్తేశారు. శతాబ్దం చివరికి మిల్లులోనే పిండిలా విసిరిన ఐసింగ్ షుగర్ కిరాణా కొట్లలో దొరికేది. అంత మెత్తటి పొడికి గుడ్డు ఆసరా అక్కర్లేదు, నీళ్లతోనే పూత నిలుస్తుంది. పొయ్యిలో ఆరబెట్టే పనీ, ఈకల కట్టా అలా తప్పిపోయాయి. ఇప్పటి గ్లేజ్ రూపం ఇదే.

ఆ సౌకర్యానికి యుద్ధం అడ్డుపడింది. 1940 జనవరిలో బ్రిటన్‌లో చక్కెరకు రేషన్ పెట్టారు. ఆ ఆగస్టు నుంచి కాలిన కేకు పైన చక్కెర పూత వేయకూడదని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. పెళ్లిళ్లలో చిన్న కేకు మీద, తెల్లగా నగిషీ చేసిన అట్ట డబ్బాను బోర్లించి ఫోటోలు దిగేవారు, కోసే ముందు డబ్బా ఎత్తేసేవారు. చక్కెర రేషన్ 1953 సెప్టెంబరు దాకా సాగింది.

ప్యాకెట్లో వచ్చే పొడికి ఒక ఇబ్బంది ఉంది. పలుకు ఎంత చిన్నదైతే గాలిలోని తేమ అంత తొందరగా పట్టి ఉండలు కడుతుంది. అందుకే మిల్లువాళ్లు కొద్దిగా మొక్కజొన్న పిండి కలుపుతారు, సాధారణంగా నూటికి మూడు పాళ్లు. ఆ పిండి వల్ల పచ్చి పూతలో కొంచెం సుద్దరుచి తగులుతుంది. నిమ్మరసం దాన్ని కప్పిపెడుతుంది. తెలుగు ఇళ్లలో చాలామంది ప్యాకెట్ కొనకుండా మామూలు పంచదారనే పొడి జారులో వేసి మిక్సీ పడతారు. నిల్వ ఉంచాలంటే ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ కలుపుతారు. మిక్సీ పొడి మిల్లు పొడి అంత మెత్తగా రాదు కాబట్టి జల్లించి, పైన మిగిలిన బరకను మళ్లీ జారులో వేయాలి. ఆపిన వెంటనే మూత తీస్తే తెల్లటి దుమ్ము గట్టంతా పరుచుకుంటుంది. రెండు నిమిషాలు ఆగితే జారు చల్లబడుతుంది, పొడీ అడుగుకు దిగుతుంది.