ఒంటి సంతకం

(ఈ గాథలో మనుషులు, వాళ్ల జీతాలు, ఇళ్ల ధరలు కల్పితం. ఊళ్లు, చట్టాలు, అప్పు నిబంధనలు నిజం.)

"ఇంకెవరున్నారమ్మా?"

జీతం చీటీలు మూడూ తిరగేసి బ్యాంకు మేనేజరు తమిళంలో అడిగిన మొదటి ప్రశ్న అది. భర్త జీతమో, అన్న సంపాదనో జత చేస్తే అప్పు పెరుగుతుందని ఆయన ఉద్దేశం.

"ఎవరూ లేరు సార్. నేనే" అందామె.

వయసు 38. పెళ్లి చేసుకోలేదు. కోయంబత్తూరు పీలమేడులో, మోటారు పంపులు చేసే కంపెనీలో లెక్కలు రాస్తుంది. కోతలు పోను నెలకు 24 వేలు చేతికొస్తుంది. ఉండేది లేడీస్ హాస్టల్లో. సింగనల్లూరు వైపు ఒక పడగ్గది పాత ఫ్లాటు 16 లక్షలకు వస్తోందని తెలిసి, సెలవు పెట్టి బ్యాంకుకొచ్చింది.

పెళ్లి కాని మనిషికి ఇంటి అప్పు ఇవ్వకూడదని ఎక్కడా లేదు. ఒక్క జీతమే అయితే లెక్క చిన్నదవుతుంది, అంతే. మేనేజరు క్యాలిక్యులేటరు దగ్గరికి లాక్కున్నాడు. జీతంలో సగం కిస్తీలకు పోవచ్చు అనుకుంటే 12 వేలు. స్కూటరు కిస్తీ 2 వేలు తీసేస్తే మిగిలేది 10 వేలు. ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు మీద లక్షకు నెలకు 868 రూపాయలు పడుతుంది. అంటే పదకొండున్నర లక్షలు.

"ముందు స్కూటరు అప్పు తీర్చెయ్యండి. ఆ 2 వేల కిస్తీ మీ ఇంటి అప్పులో 2 లక్షల 30 వేలు తినేస్తోంది" అన్నాడాయన.

30 లక్షల లోపు అప్పయితే ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు నియమం. ఆ లెక్కన ఈ ఫ్లాటుకు 14 లక్షల 40 వేలు రావాలి. ఆమె జీతం అంత మొయ్యదు. 12 లక్షలే తీసుకుంటానంది. నెలకు 10,414 కిస్తీ. ఇక చేతి నుంచి పెట్టాల్సింది 4 లక్షలు. దాని మీద రిజిస్ట్రేషను: తమిళనాడులో స్టాంపు సుంకం 7 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం. 16 లక్షలకు 1 లక్షా 44 వేలు. వకీలుకీ, విలువ కట్టేవాడికీ, తనఖా నమోదుకీ ఇంకో పాతిక వేలు.

ఆమె దగ్గరున్నది చీటీ పాడిన డబ్బు 1 లక్షా 10 వేలు. స్కూటరు అప్పు తీరిస్తే మిగిలేది 70 వేలు.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన గురించీ అడిగింది. 2024లో మొదలైన రెండో విడతలో 25 లక్షల లోపు అప్పుకు మొదటి 8 లక్షల మీద 4 శాతం వడ్డీ రాయితీ ఉంది. అన్నీ కలిపి 1 లక్షా 80 వేలు మించదు. కుటుంబానికి దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. పెళ్లి కాని కూతురు తల్లిదండ్రుల కుటుంబం కిందికే వస్తుంది. మదురైలో వాళ్ల నాయన కట్టిన ఇల్లుంది. ఆ దారి అక్కడే మూసుకుపోయింది.

కానీ ఆ ఇంటి మాట ఎత్తగానే ఆమెకు ఇంకో సంగతి తట్టింది. నాయన వీలునామా రాయకుండా పోయాడు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అలాంటప్పుడు ఆయన ఆస్తి భార్యకూ కొడుకుకూ కూతురికీ సమానంగా వస్తుంది. అంటే ఆ ఇంట్లో మూడో వంతు తనదే. ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అనలేదు, తనూ అడగలేదు.

మదురైలో పంచాయితీ

తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలు దగ్గర సందులో వాళ్ల ఇల్లు. విజయనగరం వాళ్లు పంపగా మదురై వచ్చిన నాయకుల కాలం నుంచీ ఇక్కడ తెలుగు ఇళ్లున్నాయి. బడి చదువు తమిళం, ఇంట్లో మాట తెలుగు. వాటా మాట ముందే ఫోనులో చెప్పి ఆమె వెళ్లిన ఆదివారం మాటలన్నీ తెలుగులోనే సాగాయి.

"విడుదల పత్రం తయారు చేయించినాను. వాటా వదిలేసినట్టు సంతకం పెడితే నీ ఇంటికి లక్ష ఇస్తా" అన్నాడు అన్న. అమ్మను చూసుకుంటున్నది అతనే. మేడ మీద గది వేసిందీ అతనే. అతని వాదనలో న్యాయం లేకపోలేదు.

"ఆడపిల్ల పుట్టింట్లో వాటా అడగడమేందమ్మా? మన ఇళ్లల్లో ఉందా ఈ ఆచారం?" అన్నాడు మేనమామ.

ఆమె కాగితం తీసింది. పక్కిల్లు ఈ మధ్యే అమ్ముడైన ధర చూసి కట్టిన విలువ అందులో ఉంది. మేడ గది ఖర్చు పక్కనపెడితే 15 లక్షలు. "మూడో వంతు 5 లక్షలన్నా. గది జోలికి నేను రాను. అమ్మ వాటా అమ్మదే."

అన్న ముఖం ఎర్రబడింది. "నాయన నిన్ను చదివించలేదా?"

"నిన్నూ చదివించినాడు కదా."

మేనమామ మళ్లీ నోరు తెరవబోయాడు. అప్పటిదాకా చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూచున్న అమ్మ తలెత్తింది. పీలమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడు కొడుకులు నలుగురూ ఆస్తిని ఐదు భాగాలు చేసి, ఐదో వాటా ధర్మానికి పెట్టారని అమ్మ తన భర్త నోట వంద సార్లు వింది. 1926లో పెట్టిన ఆ ట్రస్టు బళ్లూ కాలేజీలూ ఈనాటికీ నడుస్తున్నాయి.

"ధర్మానికే వాటా పెట్టినారంట ఆ ఊళ్లో. కడుపున పుట్టినదానికి ఉండదా?" అంది తమ్ముడితో.

ఆ మాటతో పంచాయితీ ముగియలేదు. ఇంకో రెండు ఆదివారాలు నడిచింది. చివరికి అన్న తన భార్య నగలు బ్యాంకులో పెట్టి 5 లక్షలు తెచ్చాడు. డబ్బు ఖాతాలో పడ్డాకే సబ్ రిజిస్ట్రారు ముందు ఆమె విడుదల పత్రం మీద సంతకం చేసింది. ఎంతకు వదులుకుందో ఆ పత్రంలోనే రాయించింది.

కాగితాల పని

డబ్బు కుదిరాక పత్రాల వంతు. తాయ్ పత్రం, అంటే మూల పత్రం, నుంచి నేటి దాకా ఫ్లాటు చేతులు మారిన వరస తెగకుండా ఉండాలన్నాడు బ్యాంకు వకీలు. వెనకటి 30 ఏళ్ల విల్లంగం (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించాడు. అందులో పాత యజమాని తనఖా ఒకటి బయటపడింది. అప్పు తీరింది కానీ రద్దు పత్రం నమోదు కాలేదు. అమ్మేవాడు తిరిగి తిరిగి అది నమోదు చేయించేదాకా ఆమె బయానా మించి పైసా ఇవ్వలేదు.

"మీకేమన్నా అయితే కిస్తీ ఎవరు కడతారు?" అన్నది మేనేజరు చివరి ప్రశ్న. అప్పుతో పాటే బీమా తీసుకుంటే ప్రీమియం కూడా అప్పులోనే కలుపుతామన్నాడు. కలిపితే దానికీ 20 ఏళ్లు వడ్డీ కట్టాలి. ఆమె బయట 15 లక్షలకు విడిగా టర్మ్ పాలసీ తీసుకుని, నామినీగా అమ్మ పేరు రాసింది. సహ దరఖాస్తుదారు అన్న గడిలో గీత గీసి, కింద ఒక్కతే సంతకం చేసింది.

మొదటి కిస్తీ 10,414లో వడ్డీ 8,500. అసలు కింద జమ అయింది 1,914. గడువు నిండేదాకా ఇలాగే కడితే 12 లక్షలకు దాదాపు 25 లక్షలవుతుంది. మారే వడ్డీ మీద మనుషులు తీసుకున్న ఇంటి అప్పును ముందే తీర్చినా జరిమానా వెయ్యకూడదని 2012లో రిజర్వు బ్యాంకు చెప్పింది. ఏడాదికి ఒక్క కిస్తీ అదనంగా కడితే మూడేళ్లకు పైగా గడువు తగ్గుతుంది. దీపావళి బోనసు ఇక దానికేనని ఆమె నిర్ణయం. అప్పు తీరిన 30 రోజుల్లో బ్యాంకు అసలు పత్రాలు తిరిగివ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేలు చెల్లించాలి. 2023 డిసెంబరు నుంచి ఉన్న నియమం అది.

ఆఫీసులో కొత్తగా చేరిన ఒకమ్మాయి ఓ రోజు అన్నం వేళ పక్కన కూచుంది. "నాకూ ఒక ఫ్లాటు చూడాలక్కా. ఏ బ్యాంకులో వడ్డీ తక్కువ?"

"బ్యాంకు సంగతి తరవాత. మీ నాయన ఇల్లు ఎవరి పేరున ఉందో ముందు కనుక్కో" అందామె.