సిఫ్ ప్యాలెస్ ఎదుటి పెద్ద మసీదు

సాల్మియా నుంచి గల్ఫ్ రోడ్డు పట్టుకుని, కువైట్ టవర్స్ దాటి సిటీలోకి వెళ్లే మనవాళ్లందరూ ఈ మసీదును చూసే ఉంటారు. సిఫ్ ప్యాలెస్ ఎదురుగా ఉంటుంది. అరబ్బీలో దీని పేరు అల్ మస్జిద్ అల్ కబీర్, అంటే పెద్ద మసీదు. ముస్లింలు కానివారు లోపలికి వెళ్లకూడదని మనలో చాలామంది అనుకుంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకుని కారులోంచే చూసి వచ్చేశాను. ఆ అపోహ పోవాలనే ఇది రాస్తున్నాను.

దీని నిర్మాణం 1979లో మొదలై 1986లో పూర్తయింది. నమూనా ఇచ్చింది బాగ్దాద్‌కు చెందిన ఆర్కిటెక్ట్ మొహమ్మద్ మకియా. మస్కట్‌లోని సుల్తాన్ ఖాబూస్ మసీదు రూపకల్పనలోనూ ఆయన పాత్ర ఉంది. పాత అరబ్ కట్టడాల పోకడను ఈ కాలపు నిర్మాణంలోకి తేవడం ఆయన పద్ధతి. ఇక్కడి మీనారు ఆండలూసియా శైలిలో, వాయవ్య మూలన నిలబడి ఉంటుంది.

మొత్తం స్థలం 45,000 చదరపు మీటర్లు. ప్రధాన హాలు ఎటు చూసినా 72 మీటర్లు. టేకు తలుపులు, వెలుతురు కోసం 144 కిటికీలు. ఒకేసారి 10,000 మంది పురుషులు నమాజు చేయవచ్చు. మహిళల హాలులో పట్టేది 950 మందే. ఈ తేడా నాకైతే కాస్త ఎక్కువే అనిపించింది. నడిమి గుమ్మటం 26 మీటర్ల వెడల్పు, 43 మీటర్ల ఎత్తు. దాని లోపలి వైపు అల్లాహ్ 99 నామాలు రాసి ఉన్నాయి. విష్ణు సహస్రనామం వింటూ పెరిగినవాళ్లకు దేవుణ్ణి పేర్లతో తలచుకోవడం కొత్తేమీ కాదు. తూర్పు ఆవరణ కింద అయిదంతస్తుల్లో 550 కార్లు పట్టే పార్కింగ్ ఉంది. పైన తిరుగుతుంటే అది ఉన్నట్టే తెలియదు.

మన హైదరాబాద్ మక్కా మసీదులోనూ దాదాపు 10,000 మంది పడతారని చెబుతారు. అది కుతుబ్‌షాహీల కాలంలో మొదలై ఔరంగజేబు హయాంలో పూర్తయింది. డెబ్బై ఏళ్లకు పైగా పట్టింది. ఇది ఏడేళ్లలో లేచింది. అక్కడ పడమటికి తిరిగి నమాజు చేస్తారు, ఇక్కడ నైరుతికి. మక్కా ఇక్కడి నుంచి ఆ దిక్కున ఉంది మరి.

రంజాన్ చివరి పది రాత్రులు ఇక్కడి జనాన్ని చూడాలి. హాలు నిండి, ఆవరణ నిండి, బయట కూడా బారులు తీరుతారు. కడప, రాయచోటి వైపు నుంచి వచ్చిన మన ముస్లిం సోదరులు డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వస్తారు. ఆ రోజుల్లో సిటీ వైపు పని ఉంటే కాస్త ముందే బయల్దేరండి.

అయితే ఈ మసీదు విలువ నాకు అర్థమైంది 2015లో. ఆ ఏడాది జూన్ 26న, రంజాన్ శుక్రవారం, సిటీలోని షియాల ఇమామ్ సాదిక్ మసీదులో బాంబు పేలి 27 మంది చనిపోయారు. ఆ సంతాపాన్ని ప్రభుత్వం సున్నీల ఈ పెద్ద మసీదులోనే జరిపించింది. మరుసటి శుక్రవారం షియాలు, సున్నీలు ఇక్కడే పక్కపక్కన నిలబడి నమాజు చేశారు. అమీర్ షేక్ సబా కూడా వచ్చారు. చంపినవాడు కోరుకున్నది ఆ ఇద్దరి మధ్య గొడవ. ఇంత పెద్ద హాలు ఆ రోజున పనికొచ్చింది.

2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు ఇదీ మూతపడింది. ఇళ్లలోనే నమాజు చేసుకోండని అజాన్‌లోనే చెప్పారు. సాల్మియాలో బాల్కనీలోంచి ఆ మాట విన్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు.

చూడాలనుకునేవారు నమాజు వేళలు తప్పించి వెళ్లాలి. సందర్శన ఏ రోజుల్లో ఉందో ముందుగా కనుక్కోండి. మగవాళ్లు నిక్కర్లతో వెళ్లకండి. ఆడవాళ్లు నిండుగా బట్టలు వేసుకుని, తల కప్పుకోవాలి. చెప్పులు గుమ్మం దగ్గరే విడవాలి, మన గుళ్లో లాగే. పిల్లల్ని తీసుకెళ్తే గుమ్మటం కింద నిలబెట్టి పైకి చూడమనండి.