కౌలుచేను – కార్ఖానా

జీడిమెట్ల కార్ఖానాలకు చేరువనే గాజులరామారమున స్త్రీలు యజమానురాండ్రుగా నడుపు పరిశ్రమలవాడ యొకటి కలదు. 1993లో ఏర్పడిన మహిళా పారిశ్రామికుల సంఘము ‘ఎలీప్’ దానిని నెలకొల్పినది. ఆ వాడ కథకు మొదలు పాలకుర్తి కౌలుచేనియందే యున్నదని నా తలంపు.

చాకలి ఐలమ్మ 1895లో జన్మించినది. దొరలకు వెట్టి చేయవలసిన కులమున పుట్టియు, ఆమె భూమి కౌలునకు గొని సొంతసేద్యమునకు దిగినది. విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డికిది గిట్టలేదు. వ్యాజ్యము నడపెను, పండిన పైరు కోసికొని పోవుటకు మనుషులను పంపెను. ఆంధ్రమహాసభ కార్యకర్తలు అడ్డుపడి, కోత కోసి, ధాన్యము ఆమె యింటికి చేర్చిరి. చరిత్రలో పేరుమోసిన యుద్ధములకన్న ఈ వడ్లబస్తాలే నాకు ఘనముగా తోచును.

1946లో సాయుధపోరాటము రగిలినది. 1951 అక్టోబరున విరమించిరి. దళముల నుండి మరలివచ్చిన స్త్రీలను ఇండ్లకు పొమ్మనిరేగాని, బ్రతుకుతెరువేమని అడిగినవారు అరుదు. స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఆ కష్టమును వారే చెప్పుకొనిరి.

వ్యాపారమునకు అప్పు కావలెను, అప్పునకు హామీ కావలెను. ఆస్తిపత్రమో, తండ్రి పేరనో భర్త పేరనో ఉండును. అవివాహిత కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో సమభాగ మిచ్చిన ఆంధ్రప్రదేశ్ చట్టము 1986లో వచ్చి, 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించినది. అదే నెల 10వ తేదీన ఐలమ్మ కన్నుమూసినది.