ఎన్‌ఐసీయూ శిశువుల్లో వినికిడి లోపం

ఆరోగ్యంగా పుట్టిన శిశువుల్లో వెయ్యికి 1 నుంచి 3 మందికి వినికిడి లోపం ఉంటే, నవజాత శిశు ఇంటెన్సివ్ కేర్ (ఎన్‌ఐసీయూ)లో చికిత్స పొందినవారిలో నూటికి 2 నుంచి 4 మందికి ఉంటుందని అంచనా.

చాలాసార్లు కారణాలు ఒకదానికొకటి తోడవుతాయి. నెలలు నిండకపోవడం, 1500 గ్రాముల లోపు బరువు, పుట్టగానే ఏడవక మెదడుకు ఆక్సిజన్ అందకపోవడం, మెనింజైటిస్, గర్భంలోనే సోకే సైటోమెగలో వైరస్ వీటిలో ముఖ్యమైనవి. ప్రాణం నిలిపే మందుల పాత్రా ఉంది. సెప్సిస్‌కు ఇచ్చే జెంటామైసిన్, అమికాసిన్ వంటి యాంటీబయాటిక్‌లు లోపలి చెవిలోని రోమకణాలను దెబ్బతీయగలవు. ఆ కణాలు మళ్లీ పుట్టవు. వాటితోపాటు మూత్రం ఎక్కువగా పోయేలా చేసే ఫ్యూరోసెమైడ్ కూడా వాడితే ముప్పు పెరుగుతుంది. అలాగని వాటిని మానేయలేరు. మోతాదు, మూత్రపిండాల పనితీరు గమనిస్తూ ఇస్తారు. తల్లి నుంచి వచ్చే ఒక మైటోకాండ్రియా జన్యుమార్పు (1555వ స్థానంలో) ఉన్న బిడ్డకు జెంటామైసిన్ వంటి మందు సరైన మోతాదులో ఇచ్చినా చెవుడు తేవచ్చు. దాన్ని సుమారు 26 నిమిషాల్లో పసిగట్టే పరీక్షను మాంచెస్టర్ వైద్యులు వార్డులోనే చేసి చూసి, 2022లో ఫలితాలు ప్రచురించారు.

కామెర్ల సంగతి వేరు. మితిమీరిన బిలిరుబిన్ ఎక్కువగా శ్రవణనాడినీ, మెదడుకాండంలోని వినికిడి కేంద్రాలనూ దెబ్బతీస్తుంది. రోమకణాలు పనిచేస్తూనే ఉంటాయి, శబ్దం మాత్రం మెదడుకు చెదిరిపోయి చేరుతుంది. దీన్ని ఆడిటరీ న్యూరోపతీ అంటారు. వినికిడి స్క్రీనింగ్‌లో వాడే ఓఏఈ పరీక్ష రోమకణాల స్పందననే కొలుస్తుంది కనుక ఇలాంటి బిడ్డ అందులో ‘పాస్’ అవుతుంది. ఎన్‌ఐసీయూ బిడ్డకు ఆ ‘పాస్’ ఒక్కటే చాలదనేది ఇందుకే. 5 రోజులకు మించి అక్కడ ఉన్నవారికి తలకు ఎలక్ట్రోడ్లు అతికించి నాడీ స్పందన చూసే పరీక్ష (మన ఆసుపత్రుల్లో ‘బేరా’ అంటారు) చేయాలని అమెరికాలోని జాయింట్ కమిటీ ఆన్ ఇన్‌ఫెంట్ హియరింగ్ 2007లో సూచించింది.

నెలలోపు స్క్రీనింగ్, 3 నెలలకు నిర్ధారణ, 6 నెలలకు చికిత్స మొదలవ్వాలన్నది లక్ష్యం. నెలల తరబడి ఆసుపత్రిలోనే ఉన్న బిడ్డకు ఈ గడువులు తప్పడం మామూలే. ఇంట్లో పళ్లెం మోగించి, ఉలిక్కిపడ్డాడు కదా అని ఊరుకోవడమూ ఆలస్యానికి కారణం: పెద్ద చప్పుడు వినబడే బిడ్డకు ‘స’, ‘ఫ’ వంటి ధ్వనులు అందకపోవచ్చు. సైటోమెగలో వైరస్ సోకినవారిలో లోపం నెలల తర్వాత బయటపడవచ్చు కనుక బేరా బాగున్నా మళ్లీ పరీక్షిస్తారు.

భారత్‌లో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుచెవుడును తన పరిధిలో చేర్చింది. అనుమానం ఉన్న పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతారు. లోపాన్ని బట్టి వినికిడి యంత్రం, అది చాలకపోతే కాక్లియర్ ఇంప్లాంట్, వాటితోపాటు మాట శిక్షణ ఉంటాయి. ఆడిటరీ న్యూరోపతీలో యంత్రం ఎంత మేలు చేస్తుందన్నది బిడ్డకూ బిడ్డకూ మారుతుంది.