ఎలిజా: అర్థం కాకుండానే జవాబు

యంత్రానికి మనసుంటుందా అనే వాదన చాట్‌బాట్‌లతో మొదలైంది కాదు. అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ 1966లోనే ఎలిజా అనే ప్రోగ్రామ్‌ను పరిచయం చేశారు. టైప్ చేసిన వాక్యంలో ఒక మాట పట్టుకుని, 'నేను'ను 'మీరు'గా తిప్పి అడగడమే దాని పని. అమ్మ పేరెత్తితే "మీ కుటుంబం గురించి ఇంకా చెప్పండి" అనేది. అమ్మ అంటే ఏంటో దానికి తెలియదు. అయినా, అది తయారవడం కళ్లారా చూసిన ఆయన సెక్రటరీయే, దాంతో మాట్లాడుతూ, కాసేపు బయటకు వెళ్లమని ఆయన్నే అడిగారు! ఆయన కంగారుపడ్డారు, 1976లో ఏకంగా పుస్తకమే రాశారు.

1980లో తత్వవేత్త జాన్ సెర్ల్ ఇదే పాయింట్ పట్టుకున్నారు: చైనీస్ రాని మనిషి రూల్ బుక్ చూసి చైనీస్‌లో సరైన జవాబులిస్తే, అతనికి ఆ భాష వచ్చినట్టేనా? ఇప్పటి యంత్రాలు ఎలిజాను ఎప్పుడో దాటేశాయి. కానీ లోపల స్పృహ ఉందో లేదో తేల్చే, అందరూ ఒప్పుకునే పరీక్ష మాత్రం ఇంకా రాలేదు.