మోర్గాన్ నమ్మని మీటరు

సెప్టెంబరు 4 వస్తోందంటే కరెంటు చరిత్ర రాసేవాళ్లకు ఒక వ్యాసం ఖాయం. 1882లో ఆ రోజు మధ్యాహ్నం న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్ కేంద్రం నుంచి థామస్ ఎడిసన్ కరెంటు వదిలాడు, కొన్ని వందల బల్బులు ఒక్కసారి వెలిగాయి. బల్బు గురించి అందరూ రాస్తారు. నాకు మాత్రం ఆ కరెంటు వెళ్లిన భవనాల్లో ఓ మూల బిగించిన చిన్న పెట్టె మీదే మోజు. బిల్లు పుట్టింది అందులోనే మరి.

అంతకు ముందు కొన్ని వేల ఏళ్ల చరిత్రకు నాలుగు వాక్యాలు చాలు. దీపానికి ఆముదం గిద్దెతోనో సోలతోనో కొలిపించి తెచ్చుకునేవాళ్లు. ఎంత కాలింది, ఎంత మిగిలింది అన్నది ఇల్లాలికి కుండలోకి తొంగిచూస్తే తెలిసిపోయేది. తగవంటూ వస్తే కొట్టువాడి కొలపాత్ర దగ్గరే. ఇంగ్లండులో గ్యాసు దీపాలొచ్చాక 1815లో శామ్యూల్ క్లెగ్ గ్యాసు మీటరు చేశాడు, అమ్మేవాడి యంత్రం కొనేవాడి ఇంట్లో కాపురం పెట్టింది. 1872లో శామ్యూల్ గార్డినర్ అనే అమెరికన్ విద్యుత్ మీటరుకు పేటెంటు తీసుకున్నాడు గానీ, అది దీపం ఎంతసేపు వెలిగిందో చెప్పేదే తప్ప ఎంత కరెంటు తాగిందో చెప్పేది కాదు.

ఇక ఎడిసన్ పెట్టె తలుపు తెరుద్దాం. లోపల ముళ్లూ లేవు, అంకెలూ లేవు. గాజు సీసాలో జింకు సల్ఫేటు ద్రావణం, అందులో మునిగిన రెండు జింకు రేకులు, అంతే. ఇంట్లోకి వెళ్లే కరెంటులో అతి చిన్న పాయను ఈ సీసా గుండా మళ్లించేవారు. కరెంటు పారినకొద్దీ ఒక రేకు మీది జింకు కరిగి రెండోదాని మీద పేరుకునేది. నెల తిరిగేసరికి కంపెనీ మనిషి వచ్చి పాత రేకులు తీసి కొత్తవి పెట్టి వెళ్లేవాడు. పాతవాటిని కడిగి, ఆరబెట్టి, సున్నితపు త్రాసులో మిల్లీగ్రాముల లెక్కన తూచేవారు. ఎంత జింకు మారితే అంత బిల్లు. రసాయనశాస్త్రంగా చూస్తే ముచ్చటైన పని. వాడకందారు వైపు నుంచి చూస్తే మాత్రం చీకటి కొట్టే: రేకులు వాళ్లవి, త్రాసు వాళ్లది, తూచే చెయ్యీ వాళ్లదే.

పైగా చలికాలం వస్తే సీసాలో నీళ్లు గడ్డకట్టే ప్రమాదం. దానికి ఎడిసన్ ఉపాయం పెట్టెలోనే ఓ బల్బు. చలి ముదిరితే లోపలి లోహపు బద్ద వంగి బల్బు వెలిగేది, ఆ వేడికి ద్రావణం గడ్డకట్టకుండా ఉండేది. తొలి చలి రాత్రి మీటర్లు ఎర్రగా మెరుస్తుంటే, నిప్పంటుకుందనుకుని జనం కంపెనీకి పరుగెత్తుకొచ్చారట.

ఎడిసన్ జీవితచరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ బ్యాంకరు జె.పి. మోర్గాన్‌ది. కంపెనీకి పెట్టుబడి పెట్టినవాళ్లలో ఆయనొకడు. అయినా తన ఆఫీసు బిల్లు మీద తనకే నమ్మకం లేదు. సరే, చూద్దాం అన్నాడు ఎడిసన్. ప్రతి దీపాల గుత్తికీ ఒక కార్డు వేలాడదీశారు. ఎప్పుడు వెలిగించారో, ఎప్పుడు ఆర్పారో గుమాస్తాలు అందులో రాయాలి. గడువయ్యాక కూడితే కార్డుల లెక్క కన్నా మీటరు లెక్కే ఎక్కువ. ఇంకొన్నాళ్లు చూశారు, మళ్లీ అంతే. మోర్గాన్ మాటే నెగ్గేలా ఉంది. అప్పుడు ఎడిసన్ ఆఫీసంతా కలియతిరిగి, ఇక్కడ ఊడ్చేదెవరని అడిగాడు. ఆ మనిషిని పిలిపించారు. గుమాస్తాలు లేని వేళ అతను దీపాలు వేసుకుని ఊడ్చుకుంటున్నాడు. కార్డు రాయమని అతనికి చెప్పినవాళ్లే లేరు. ఆ గంటలు కూడా కలిపితే లెక్క సరిపోయింది.

కథ చెప్పినవాళ్లు ఎడిసన్ పక్షం వాళ్లే కాబట్టి కాస్త ఉప్పూ కారం పడి ఉండొచ్చు. అయినా ఇంట్లో ఏ వస్తువు ఎంత కాలుస్తోందో విడివిడిగా రాసి, మొత్తం మీటరుతో సరిచూడడం అన్న పద్ధతికి ఇంతకన్నా మంచి పాఠం నాకు దొరకలేదు.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగాయి. దిశ మార్చుకునే ఏసీ కరెంటు రాగానే జింకు సీసా మూలపడింది. ఏసీ అటు మోసిన జింకును వెంటనే ఇటు మోసుకొస్తుంది, తూచడానికి ఏం మిగులుతుంది? 1888లో వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఇంజనీరు ఆలివర్ షాలెన్‌బర్గర్ ఒక ఆర్క్ దీపాన్ని పరిశీలిస్తుంటే చిన్న స్ప్రింగు ఊడి పడింది. అయస్కాంత క్షేత్రంలో అది తనంతట తానే తిరగడం గమనించి మీటరు తయారుచేశాడు. మరుసటి ఏడాది బుడాపెస్ట్‌లోని గాంజ్ సంస్థలో ఒట్టో బ్లాతీ కిలోవాట్ గంటలు కొలిచే మీటరు తెచ్చాడు. బరువు 23 కిలోలు. మన గుమ్మాల పక్కన దశాబ్దాలు గిర్రున తిరిగిన అల్యూమినియం చక్రానిది ఆ వంశమే.

మన దగ్గరికొచ్చేసరికి కథ ఒక దారిన నడవదు. 1920లో హుస్సేన్ సాగర్ ఒడ్డున థర్మల్ కేంద్రం వచ్చింది, 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు. 1980ల్లో వ్యవసాయ బావుల మోటార్ల దగ్గర మీటరు పోయి హార్స్‌పవర్ లెక్కన కట్టుబడి రేటొచ్చింది. చార్జీల మీద ఆందోళన 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల దాకా వెళ్లింది. 2003 కేంద్ర చట్టం మీటరు లేనిదే కరెంటు ఇవ్వొద్దంది. 2004 మే 14న ముఖ్యమంత్రి తొలి సంతకం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మీద పడింది. ‘మోటార్లకు మీటర్లు’ అన్న రెండు మాటలు ఎన్నికల నినాదమైన సంగతి చెప్పక్కర్లేదు. ఇప్పుడు స్మార్ట్ మీటర్లు. రీడింగుకు మనిషి రానక్కర్లేదంటే, బిల్లెందుకు పెరిగిందని నిలదీయడానికీ ఎదురుగా మనిషి ఉండడు.

ఈ గొడవల్లో ఇంటివాళ్ల అసలు ప్రశ్న ఎక్కడిదక్కడే ఉంది: ఫ్రిజ్ ఎంత, గీజర్ ఎంత? బిల్లు మొత్తమే చెబుతుంది. 2006లో మొదలైన నక్షత్రాల లేబుల్ ప్రయోగశాల లెక్క చెబుతుంది, మన వంటింటి వేడి సంగతి దానికి తెలియదు. ప్లగ్గుకూ వస్తువుకూ మధ్య పెట్టే చిన్న వాట్ మీటరు బజారులో దొరుకుతుంది, అంతకన్నా సుఖం లేదు. అదీ అక్కర్లేదనుకుంటే ఎలక్ట్రానిక్ మీటరు మీద మిణుకుమనే ఎర్ర లైటు చాలు. పక్కనే ఉన్న అంకె చూడండి. చాలావాటి మీద 3200 ఉంటుంది, అన్ని మిణుకులైతే ఒక యూనిట్. ఇన్వర్టరుతో సహా అన్నీ ఆపి ఒక్క ఫ్యానే వేయండి. నిమిషానికి నాలుగు మిణుకులొస్తే అది 75 వాట్ల ఫ్యాను. కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యానుకు రెండే వస్తాయి. ఫ్రిజ్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది కాబట్టి నిమిషం లెక్క దానికి పనికిరాదు, రోజంతా చూడాలి, అక్కడ వాట్ మీటరే మేలు. గీజర్‌కు లెక్కపెట్టాలంటే మీ కళ్లు చాలవు. రెండు వేల వాట్ల గీజర్ అరగంట నడిస్తే ఒక యూనిట్ అయిపోయినట్టే.